విండోస్ సెర్చ్ ఇండెక్సింగ్ వేగాన్ని కమాండ్ ప్రాంప్ట్ నుంచి అదుపు చేయడం ఎలా?

కంప్యూటర్ ఆన్ చేసి పట్టుమని పది నిమిషాలు కాదు, ఫ్యాన్ హోరు మొదలవుతుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ వాడకం తారస్థాయిలో ఉంటుంది, పక్కనే సెర్చ్ ఇండెక్సర్ పేరు. వెతికితే వెంటనే దొరికేలా ఫైళ్ల పేర్లను, లోపలి పాఠాన్ని ముందే చదివి నమోదు చేసుకునే విండోస్ ప్రోగ్రామ్ ఇది, ఆ పనే ఇండెక్సింగ్. పాఠకులు అడిగే ప్రశ్నలు రెండే. ఒకటి: దీని వేగం తగ్గించే కమాండ్ ఏది? రెండోది దీనికి సరిగ్గా తలకిందులు: రెండు రోజులైనా ఇండెక్సింగ్ పూర్తి కావడం లేదు, తొందరపెట్టే కమాండ్ ఏది?

ముందే చెప్పేస్తే మంచిది. "నిమిషానికి ఇన్ని ఫైళ్లే చదువు" అని అంకె ఇచ్చి వేగం నిర్ణయించే కమాండ్ విండోస్‌లో లేదు. మన చేతిలో ఉన్నవి మూడు పట్లు: ఇండెక్సర్‌కు ఎంత పని అప్పగిస్తున్నాం, మనం కంప్యూటర్ వాడుతుంటే అది వెనక్కి తగ్గాలా వద్దా, అసలు ఏ వేళల్లో నడవాలి. వీటిలో మొదటిదానితోనే చాలామంది సమస్య తీరిపోతుంది. కానీ అందరూ మూడోదానితో మొదలుపెట్టి, సర్వీసును (తెర వెనక నడిచే ఆ ప్రోగ్రామ్‌ను) శాశ్వతంగా ఆపేసి, వారం తర్వాత ఫైళ్లు దొరకడం లేదని మళ్లీ వస్తారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

కావలసినవి

విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటర్, అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న ఖాతా, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్. పాత విలువలు రాసిపెట్టుకోవడానికి ఒక కాగితమో నోట్‌ప్యాడో పక్కన ఉంచుకోండి. స్టార్ట్ మెనూలో "సీఎండీ" అని వెతికి, కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఎంచుకోండి. మామూలుగా తెరిస్తే కింద చెప్పే ఆదేశాల్లో సగం "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటాయి.

ఆదేశాలు ఎలా చదవాలంటే: ఇక్కడ వాటిని పలికే తీరున తెలుగులో ఇచ్చాం, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి. ఖాళీలు, గీతలు, కొటేషన్ గుర్తులు ఇక్కడ ఎలా ఉన్నాయో అక్కడా అలాగే ఉండాలి. "డబ్ల్యుసెర్చ్" అంటే డబ్ల్యు అక్షరం, దాని వెంటే ఖాళీ లేకుండా సెర్చ్ అనే మాట. ఇదే విండోస్ సెర్చ్ సర్వీసు అసలు పేరు. "ఎస్‌సీ" అంటే ఆ రెండు అక్షరాలే.

1. తప్పు ఇండెక్సర్‌దేనా, తేల్చుకోండి

టాస్క్‌లిస్ట్ | ఫైండ్ /ఐ "సెర్చ్"

ఇందులో మనకు కావలసిన పేర్లు మూడు. సెర్చ్‌ఇండెక్సర్ ప్రధాన ప్రాసెస్, ఇండెక్స్ డేటాబేస్‌లో రాసేది ఇదే. సెర్చ్‌ప్రోటోకాల్‌హోస్ట్ ఫైళ్లు, మెయిళ్లు ఉన్నచోటికి వెళ్లి వాటిని తెస్తుంది. సెర్చ్‌ఫిల్టర్‌హోస్ట్ వాటిలోని పాఠాన్ని విడదీసి ఇస్తుంది. జాబితాలో సెర్చ్‌యాప్ గానీ సెర్చ్‌హోస్ట్ గానీ కనిపిస్తే అవి టాస్క్‌బార్‌లోని వెతుకులాట పెట్టెకు చెందినవి, ఇండెక్సింగ్‌తో వాటికి పని లేదు. సీపీయూ తింటున్నది ఆ రెండిట్లో ఒకటైతే ఈ వ్యాసంలోని మార్పులేవీ మీకు పనికిరావు.

సర్వీసు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో కూడా చూసి రాసిపెట్టుకోండి:

ఎస్‌సీ క్వెరీ డబ్ల్యుసెర్చ్
ఎస్‌సీ క్యూసీ డబ్ల్యుసెర్చ్

మొదటిది సర్వీసు నడుస్తోందో ఆగిందో చెబుతుంది: నడుస్తుంటే 4, ఆగితే 1, ఆగే పనిలో ఉంటే 3. రెండోది అది ఎలా మొదలవుతుందో చూపిస్తుంది. ఎవరూ చేయి పెట్టని యంత్రంలో "ఆటో స్టార్ట్", పక్కనే "డిలేడ్" అని ఉంటుంది. అంటే మిగతా ఆటోమేటిక్ సర్వీసులన్నీ లేచాక సుమారు 2 నిమిషాలకు ఇది లేస్తుంది. బూట్ అయిన కాసేపటికి డిస్క్ మోత మొదలవడానికి కారణం ఇదే.

2. ముందు వేగం కొలవండి

ఈ అడుగు దాటేసి నేరుగా రిజిస్ట్రీలోకి (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటికి) దూకేవారే ఎక్కువ. కొలవకుండా మార్చితే, మార్పు పనిచేసిందో లేదో తెలిసే దారి ఉండదు. విండోస్‌లోనే ఇందుకు కౌంటర్లు, అంటే పనితీరును అంకెల్లో చూపే కొలతలు, ఉన్నాయి:

టైప్‌పెర్ఫ్ -క్యూ "సెర్చ్ గ్యాదరర్"

ఈ ఆదేశం కౌంటర్ల జాబితా చూపుతుంది. అందులో ఉన్న స్పెల్లింగునే తర్వాతి ఆదేశంలోకి కాపీ చేసుకుంటే పొరపాటు జరగదు. డిస్‌ప్లే భాష ఇంగ్లీషు కాకపోతే కౌంటర్ల పేర్లూ ఆ భాషలోనే ఉండొచ్చు కనుక కాపీ చేసుకోవడమే క్షేమం.

టైప్‌పెర్ఫ్ "\సెర్చ్ గ్యాదరర్\డాక్యుమెంట్స్ ఫిల్టర్డ్ రేట్" "\సెర్చ్ గ్యాదరర్\రీజన్ టు బ్యాక్ ఆఫ్" -ఎస్‌ఐ 5 -ఎస్‌సీ 24

ఇది 5 సెకన్లకోసారి చొప్పున 24 సార్లు, అంటే 2 నిమిషాల పాటు రెండు అంకెలు చూపుతుంది. మొదటిది సెకనుకు ఎన్ని డాక్యుమెంట్లు ప్రాసెస్ అవుతున్నాయో చెప్పే అసలు వేగం. రెండోది ఇండెక్సర్ ఎందుకు వెనక్కి తగ్గిందో చెప్పే కోడ్. దాని అర్థాలు:

0 – తగ్గలేదు, పూర్తిగా నడుస్తోంది
1 – సిస్టమ్‌లో డిస్క్ రాకపోకలు ఎక్కువగా ఉన్నాయి
2 – ఫైళ్ల మార్పుల కబుర్లు వెల్లువలా వస్తున్నాయి
3 – డిస్క్‌లో చోటు చాలకపోవడం వంటి కారణాలతో కోలుకునే పని వాయిదా పడింది
4 – మీరు కంప్యూటర్ వాడుతున్నారు
5 – బ్యాటరీ తక్కువగా ఉంది
6 – మెమరీ తక్కువగా ఉంది
99 – లోపలి కారణం

"రెండు రోజులైనా పూర్తి కావడం లేదు" అనేవారిలో చాలామందికి ఇక్కడ 4 కనిపిస్తుంది. ఇది జబ్బు కాదు. మీరు కీబోర్డు తాకినంత సేపూ ఇండెక్సర్ మర్యాదగా పక్కకు తప్పుకుంటోంది, అంతే. 3 కనిపిస్తే ముందు డిస్క్‌లో చోటు ఖాళీ చేయండి, మిగతా అడుగులన్నీ ఆ తర్వాతే. 2 ఆగకుండా వస్తుంటే ఏదో ప్రోగ్రామ్ ఇండెక్స్ అయ్యే ఫోల్డర్‌లో నిరంతరం ఫైళ్లు రాస్తోందని అర్థం. మందు మూడో అడుగులో ఉంది.

ఇంకా ఎంత పని మిగిలి ఉందో కూడా తెలుసుకోవచ్చు:

టైప్‌పెర్ఫ్ "\సెర్చ్ గ్యాదరర్ ప్రాజెక్ట్స్(*)\వెయిటింగ్ డాక్యుమెంట్స్" -ఎస్‌ఐ 10 -ఎస్‌సీ 6

ఈ అంకె సున్నాకు చేరితే వరుసలో ఇక ఏమీ లేదు. పది నిమిషాల తేడాతో రెండుసార్లు కొలిచి, ఎంత తగ్గిందో చూస్తే ముగియడానికి ఎంతసేపు పడుతుందో మీకే అంచనా దొరుకుతుంది. అంకె తగ్గకుండా అక్కడక్కడే తచ్చాడుతుంటే వేగం సంగతి తర్వాత చూడొచ్చు. ఖాళీ చేసినంతా మళ్లీ నిండుతోందన్నమాట.

3. పని తగ్గించండి

అసలు ఫలితం ఇక్కడే ఉంది, కాబట్టి తీరిగ్గా చేయండి.

కంట్రోల్ ఎస్‌ఆర్‌సీహెచ్‌అడ్మిన్.డీఎల్‌ఎల్

ఈ ఆదేశంతో ఇండెక్సింగ్ ఆప్షన్స్ కిటికీ తెరుచుకుంటుంది. ఎన్ని ఐటెమ్‌లు ఇండెక్స్ అయ్యాయో పైన కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 4 లక్షల ఐటెమ్‌లు దాటితే పనితీరు మందగించడం మొదలు కావచ్చు, 10 లక్షలు దాటితే ఇండెక్సింగ్ విఫలం కావచ్చు లేదా సీపీయూ, మెమరీ, డిస్క్ చోటు విషయంలో ఇబ్బందులు రావచ్చు. మీ అంకె 6 లక్షలో 8 లక్షలో ఉంటే ఏ కమాండూ ఆదుకోదు, జాబితా కోయాల్సిందే.

తర్వాత సెట్టింగ్స్‌లో "సెర్చింగ్ విండోస్" పేజీకి వెళ్లి "క్లాసిక్" ఉందో "ఎన్‌హాన్స్‌డ్" ఉందో చూడండి. ఎన్‌హాన్స్‌డ్ అంటే మొత్తం కంప్యూటర్‌ను ఇండెక్స్ చేస్తుంది. ఏదో ఒకరోజు ఒక ఫైల్ దొరక్క దాన్ని నొక్కి, మర్చిపోయిన వారు ఎందరో. అందులో మీకు అవసరమేమీ లేకపోతే క్లాసిక్‌కు మార్చండి.

ఇక కమాండ్ పని. ఫలానా ఫోల్డర్‌లోని ఫైళ్ల లోపలి పాఠాన్ని చదవొద్దని చెప్పడానికి:

అట్రిబ్ +ఐ "డి:\ప్రాజెక్టులు"
అట్రిబ్ +ఐ "డి:\ప్రాజెక్టులు\*" /ఎస్ /డి

దారి స్థానంలో మీ ఫోల్డర్ దారి పెట్టుకోండి. ఆదేశాలు రెండు ఎందుకంటే, మొదటిది ఆ ఫోల్డర్‌కు మాత్రమే గుర్తు వేస్తుంది, లోపలున్న ఫైళ్లకు, ఉప ఫోల్డర్లకు వేసేది రెండోది. ఒక్కటే ఇచ్చి, "పనిచేయలేదు" అనుకోవడం మామూలే. చివరి /డి మరిచిపోతే ఫైళ్లకు మాత్రమే గుర్తు పడుతుంది, ఫోల్డర్లకు పడదు. గుర్తు పడిందో లేదో చూడాలంటే "అట్రిబ్" తర్వాత దారి మాత్రం ఇవ్వండి. వరుసలో ఐ అక్షరం కనిపించాలి. తీసేయాలంటే + బదులు - పెట్టండి.

దాచిన ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు ఉంటే అట్రిబ్ వాటిని ముట్టుకోకుండా "నాట్ రీసెట్టింగ్ హిడెన్ ఫైల్" వంటి సందేశం ఇస్తుంది. కంగారు పడనక్కర్లేదు, మిగతా వాటికి గుర్తు పడుతూనే ఉంటుంది. వేల ఫైళ్ల గుర్తులు ఒకేసారి మారితే ఇండెక్సర్ వాటన్నిటినీ ఓసారి చూసుకుంటుంది. అందువల్ల ఆదేశం ఇచ్చిన వెంటనే వేగం తగ్గాల్సింది పోయి పెరిగినట్టు కనిపించవచ్చు. అరగంట ఆగి కొలవండి.

ఏ ఫోల్డర్లను తప్పించాలి? ప్రోగ్రామర్లయితే బిల్డ్ ఫలితాలు, ప్యాకేజీలు దింపుకునే ఫోల్డర్లు: ఒక్కో ప్రాజెక్టులో వేల సంఖ్యలో చిన్న ఫైళ్లుంటాయి, వాటిలో దేన్నీ మీరు స్టార్ట్ మెనూ నుంచి వెతకరు. లాగ్ ఫైళ్లున్న చోట్లు మరీ ముఖ్యం. లాగ్ ఫైల్‌లో ఒక పంక్తి చేరిన ప్రతిసారీ అది "మారిన ఫైల్" అవుతుంది, ఇండెక్సర్ మళ్లీ దాన్ని మొదటి నుంచి చదవాలి. కోడ్ 2 ఆగకుండా రావడానికి కారణం చాలాసార్లు ఇదే. బ్యాకప్ కాపీలు, వర్చువల్ మెషిన్ ఫోల్డర్లు కూడా తీసేయండి. పూర్తిగా జాబితా నుంచే తొలగించాలంటే ఇందాకటి కిటికీలో "మాడిఫై" నొక్కి టిక్ తీసేయండి, అది అట్రిబ్ కంటే గట్టి పని.

అదే కిటికీలో "అడ్వాన్స్‌డ్", ఆ లోపల "ఫైల్ టైప్స్" ఉంటుంది. పేరుతో తప్ప లోపలి మాటలతో మీరెప్పుడూ వెతకని రకాలకు "ఇండెక్స్ ప్రాపర్టీస్ ఓన్లీ" పెట్టండి. పేరు, తేదీ నమోదు చేయడం చిటికెలో పని. ఫైల్ తెరిచి పాఠం విడదీయడమే బరువు.

4. వెనక్కి తగ్గాలా, వద్దా

ఇండెక్సర్ మామూలుగానే, మీరు పనిలో ఉంటే వేగం తగ్గించుకుంటుంది. ఆ మర్యాదను రద్దు చేసే పాలసీ విలువ ఒకటుంది:

రెగ్ యాడ్ "హెచ్‌కేఎల్‌ఎం\సాఫ్ట్‌వేర్\పాలసీస్\మైక్రోసాఫ్ట్\విండోస్\విండోస్ సెర్చ్" /వి డిసేబుల్‌బ్యాకాఫ్ /టి రెగ్_డీవర్డ్ /డి 1 /ఎఫ్
నెట్ స్టాప్ డబ్ల్యుసెర్చ్
నెట్ స్టార్ట్ డబ్ల్యుసెర్చ్

విలువ 1 అయితే సిస్టమ్ ఎంత బిజీగా ఉన్నా పూర్తి వేగంతో నడుస్తుంది. కొత్త కంప్యూటర్‌లోనో, ఇండెక్స్ తిరగరాస్తున్నప్పుడో, రాత్రి ఛార్జర్ పెట్టి వదిలేయడానికి ఇది బాగా పనికొస్తుంది. తెల్లారాక తీసేయండి:

రెగ్ డిలీట్ "హెచ్‌కేఎల్‌ఎం\సాఫ్ట్‌వేర్\పాలసీస్\మైక్రోసాఫ్ట్\విండోస్\విండోస్ సెర్చ్" /వి డిసేబుల్‌బ్యాకాఫ్ /ఎఫ్

మళ్లీ సర్వీసును ఆపి మొదలుపెట్టండి. తీయడం మరిచిపోతే పగలంతా కంప్యూటర్ నత్తనడకే.

ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. "1 పెడితే వేగం పెరిగింది కదా, 0 పెడితే తగ్గుతుంది" అనుకుంటారు. 0 అంటే మామూలు స్థితి మాత్రమే. ఆ విలువ అసలు లేకపోయినా, 0 ఉన్నా ఒకటే. ఈ పట్టుతో మామూలు కంటే కిందికి దించలేరు.

రెండో గొయ్యి దారిలో ఉంది. "పాలసీస్" అనే మాట వదిలేసి నేరుగా మైక్రోసాఫ్ట్ కింది విండోస్ సెర్చ్ కీ మీద ప్రయత్నిస్తే అనుమతి లేదని తిప్పికొడుతుంది. దాని యాజమాన్యం మార్చే సాహసాలు చేయకండి, పాలసీల దారిలో అదే పని అవుతుంది. కొటేషన్ గుర్తులు వదిలేస్తే విండోస్‌కు, సెర్చ్‌కు మధ్య ఉన్న ఖాళీ దగ్గర ఆదేశం విరిగిపోయి "ఇన్‌వాలిడ్ సింటాక్స్" అంటుంది. అది నయం, తప్పు కనిపిస్తుంది. స్పెల్లింగ్ తప్పితే మాత్రం రెగ్ యాడ్ ఏమీ అనదు. మీరు రాసిన తప్పు పేరుతోనే కొత్త కీ సృష్టించి "ఆపరేషన్ కంప్లీటెడ్ సక్సెస్‌ఫుల్లీ" అని చెబుతుంది. కాబట్టి ఆ సందేశాన్ని నమ్మకండి. రెండో అడుగులోని కౌంటర్ మళ్లీ నడిపి, రెండు నిమిషాల పాటు మౌస్ కదుపుతూ ఉండండి. కోడ్ 4 ఇక కనిపించకూడదు. కనిపిస్తే విలువ సరైన చోట పడలేదు, లేదా సర్వీసును తిరిగి మొదలుపెట్టలేదు.

ఆఫీసు కంప్యూటర్ అయితే ఇంకో సంగతి: సంస్థ గ్రూప్ పాలసీలో (తన కంప్యూటర్లన్నిటికీ ఒకేచోట నుంచి పెట్టే నిబంధనల్లో) ఇదే అంశం నిర్ణయించి ఉంటే, మీరు పెట్టిన విలువ పాలసీ మళ్లీ అమలైనప్పుడు మారిపోవచ్చు. మామూలుగా అది 90 నిమిషాలకోసారి, దాని మీద అరగంట దాకా అటూఇటూగా తాజా అవుతుంది. "పెట్టాను, మధ్యాహ్నానికి పోయింది" అంటే ఇదే.

5. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆపడం

అదే కీలో ఇంకో విలువ:

రెగ్ యాడ్ "హెచ్‌కేఎల్‌ఎం\సాఫ్ట్‌వేర్\పాలసీస్\మైక్రోసాఫ్ట్\విండోస్\విండోస్ సెర్చ్" /వి ప్రివెంట్‌ఇండెక్స్‌ఆన్‌బ్యాటరీ /టి రెగ్_డీవర్డ్ /డి 1 /ఎఫ్

సర్వీసును తిరిగి మొదలుపెట్టండి. ఛార్జర్ తీసి రేటు కౌంటర్ చూడండి, సున్నాకు పడిపోవాలి. ఎప్పుడూ ఛార్జర్ పెట్టని వారు దీన్ని వాడితే ఇండెక్స్ ఎప్పటికీ పూర్తి కాదు, గుర్తుంచుకోండి.

6. వేళలు నిర్ణయించడం

పని గంటల్లో అసలు వద్దు, సాయంత్రం నుంచి నడిస్తే చాలు అనుకుంటే, ముందు సర్వీసు బూట్‌తో పాటు లేవకుండా చేయండి:

ఎస్‌సీ కాన్ఫిగ్ డబ్ల్యుసెర్చ్ స్టార్ట్= డిమాండ్

సమానం గుర్తుకు ముందు ఖాళీ ఉండకూడదు, తర్వాత ఖాళీ తప్పనిసరిగా ఉండాలి. వింతగా ఉన్నా ఎస్‌సీ పద్ధతి అదే. ఖాళీ లేకుండా ఇస్తే వాడుక వివరాలు పరిచి ఊరుకుంటుంది తప్ప మార్పు చేయదు. డిమాండ్ అంటే తనంతట తాను లేవదు, ఎవరైనా పిలిస్తే లేస్తుంది. "డిసేబుల్డ్" పెడితే పిలిచినా లేవదు, నెట్ స్టార్ట్ ఇస్తే 1058 నంబరు లోపం వస్తుంది. వేళల పద్ధతికి డిసేబుల్డ్ పనికిరాదు.

ఇప్పుడు రెండు టాస్కులు:

ఎస్‌సీహెచ్‌టాస్క్స్ /క్రియేట్ /టిఎన్ "ఇండెక్స్‌ఆఫ్" /టిఆర్ "నెట్ స్టాప్ డబ్ల్యుసెర్చ్" /ఎస్‌సీ డైలీ /ఎస్‌టి 09:00 /ఆర్‌యు సిస్టమ్
ఎస్‌సీహెచ్‌టాస్క్స్ /క్రియేట్ /టిఎన్ "ఇండెక్స్‌ఆన్" /టిఆర్ "నెట్ స్టార్ట్ డబ్ల్యుసెర్చ్" /ఎస్‌సీ డైలీ /ఎస్‌టి 18:30 /ఆర్‌యు సిస్టమ్

సమయం 24 గంటల లెక్కలో, గంటకు రెండంకెలు ఉండాలి. రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే పరీక్షించాలంటే:

ఎస్‌సీహెచ్‌టాస్క్స్ /రన్ /టిఎన్ "ఇండెక్స్‌ఆఫ్"

అర నిమిషం ఆగి ఎస్‌సీ క్వెరీ ఇవ్వండి, స్థితి 1 అని రావాలి. 3 వస్తే ఇంకా ఆగే పనిలో ఉంది, డేటాబేస్‌లో రాస్తున్నది పూర్తి చేసుకుంటోంది. ఓపిక పట్టండి.

ల్యాప్‌టాప్ వారికి ప్రత్యేకంగా: ఇలా సృష్టించిన టాస్కులు మామూలుగా ఛార్జర్ ఉంటేనే నడుస్తాయి. ఉదయం 9 గంటలకు మీరు బ్యాటరీ మీద ఉంటే ఆపే టాస్కు నడవదు. టాస్క్ షెడ్యూలర్ తెరిచి, ఆ టాస్కు ప్రాపర్టీస్‌లో "కండిషన్స్" ట్యాబ్‌లో ఏసీ పవర్ టిక్ తీసేయండి. కంప్యూటర్ నిద్రలో ఉండి వేళ తప్పిపోతే తర్వాత నడవాలంటే "సెట్టింగ్స్" ట్యాబ్‌లో ఆ మాట చెప్పే టిక్ పెట్టండి.

రోజూ ఆపి మొదలుపెడితే ఇండెక్సింగ్ ప్రతిసారీ మొదటికొస్తుందా? రాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫైల్ వ్యవస్థ) డ్రైవు తనలో జరిగిన మార్పులను ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఇండెక్సర్ లేవగానే ఆ చిట్టా చూసి, తాను లేని సమయంలో మారినవాటినే చదువుతుంది. వారాల తరబడి ఆపేసి ఉంచితే మాత్రం చిట్టాలో పాత పద్దులు చెరిగిపోతాయి, అప్పుడు మొత్తం మళ్లీ తడమాలి. సర్వీసు ఆగి ఉన్నంతసేపూ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతుకులాట పనిచేస్తుంది కానీ ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటే గాలించాలి కాబట్టి నిదానం. ఔట్‌లుక్ వాడేవారికి మెయిల్ వెతుకులాటలోనూ ఆ తేడా తెలుస్తుంది.

7. సీపీయూకు గట్టి పరిమితి

ఇది ఆఖరి ఆయుధం. పై అడుగులు చేశాక కూడా సీపీయూ వాడకం ఎక్కువగా ఉంటేనే:

పవర్‌షెల్ "(గెట్-ప్రాసెస్ సెర్చ్‌ఇండెక్సర్).ప్రాసెసర్‌అఫినిటీ = 1"

ఇండెక్సర్ ఇక మొదటి లాజికల్ ప్రాసెసర్‌లోనే నడుస్తుంది. మీకు అలాంటివి 4 ఉంటే మొత్తంలో 25 శాతం, 8 ఉంటే 12.5 శాతం దాటలేదు. మొదటి రెండిటినీ ఇవ్వాలంటే 2 కాదు, 3 పెట్టాలి. ఆ అంకె బిట్ల లెక్క. సర్వీసు మళ్లీ మొదలైతే ఈ పరిమితి పోతుంది, అందుకే నిర్భయంగా ప్రయోగించవచ్చు. కానీ మీ ఇబ్బంది డిస్క్ దగ్గరైతే, ముఖ్యంగా తిరిగే హార్డ్ డిస్క్ అయితే, దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

తరచూ జరిగే తప్పులు

పవర్‌షెల్‌లో ఎస్‌సీ వాడటం. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో ఎస్‌సీ అంటే సర్వీసు కమాండ్ కాదు, ఫైల్‌లో రాసే ఆదేశానికి పొట్టిపేరు. అక్కడ ఎస్‌సీ క్వెరీ డబ్ల్యుసెర్చ్ అని ఇస్తే ఏ లోపమూ చూపకుండా "క్వెరీ" అనే ఫైల్ సృష్టించి అందులో "డబ్ల్యుసెర్చ్" అని రాసి పెడుతుంది. మీరేమో సర్వీసు జవాబివ్వడం లేదనుకుంటారు. అక్కడ ఎస్‌సీ.ఈఎక్స్‌ఈ అని పూర్తిగా రాయండి, లేదా కమాండ్ ప్రాంప్ట్‌లోనే ఉండండి.

టాస్క్‌కిల్‌తో చంపేయడం. సర్వీసు అర్ధాంతరంగా చస్తే విండోస్ దాన్ని తిరిగి లేపుతుంది. లేచాక అది ముందు డేటాబేస్ సరిచూసుకోవాలి, అంటే పని ఇంకా పెరుగుతుంది. ఆపాలంటే ఎప్పుడూ నెట్ స్టాప్.

ఇండెక్స్ ఫైల్‌ను చెరిపేయడం. సి డ్రైవులో ప్రోగ్రామ్‌డేటా, మైక్రోసాఫ్ట్, సెర్చ్, డేటా, అప్లికేషన్స్, విండోస్ అన్న దారిలో విండోస్ 10లో విండోస్.ఈడీబీ, విండోస్ 11లో విండోస్.డీబీ అనే ఫైల్ ఉంటుంది. గిగాబైట్లలో కనిపిస్తుంది కాబట్టి చెయ్యి దురద పెడుతుంది. చెరిపితే వేగం సమస్య తీరదు సరికదా, లక్షల ఫైళ్లు మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వస్తుంది. విండోస్ 10లో ఫైల్ పరిమాణం తగ్గించడమే ఉద్దేశమైతే, సర్వీసును డిసేబుల్డ్‌కు మార్చి, ఆపి, ఈసెంట్‌యుటిల్ (ఇంగ్లీషులో చివరి టి, ఎల్ అక్షరాల మధ్య ఐ ఉండదు) /డి తర్వాత ఆ ఫైల్ పూర్తి దారి ఇవ్వండి. అది లోపలి ఖాళీలు కుదిస్తుంది. విండోస్ 11లోని డీబీ ఫైల్ వేరే రకం, దానిమీద ఈ ఆదేశం పనిచేయదు.

అన్ని మార్పులూ ఒకే పూట చేయడం. మూడో అడుగు చేసి ఒక రోజు చూడండి. తీరితే మిగతావి అక్కర్లేదు.

ఫలితం సరిచూసుకోవడం

మార్పుకు ముందు రాసుకున్న రేటు, కోడ్, వెయిటింగ్ అంకెలను అదే వేళకు, అదే పని చేస్తూ మళ్లీ కొలవండి. ఖాళీగా ఉన్న కంప్యూటర్ అంకెను బిజీగా ఉన్నప్పటి అంకెతో పోల్చితే ఏమీ తేలదు. సర్వీసు చెప్పిన వేళకే ఆగి లేచిందా అనేది ఈవెంట్ లాగ్ చెబుతుంది:

పవర్‌షెల్ "గెట్-విన్‌ఈవెంట్ -ప్రొవైడర్‌నేమ్ మైక్రోసాఫ్ట్-విండోస్-సెర్చ్ -మ్యాక్స్‌ఈవెంట్స్ 20"

1003 అంటే సర్వీసు మొదలైంది, 1013 అంటే సవ్యంగా ఆగింది. 1013 లేకుండా 1003లు వరుసగా ఉంటే సర్వీసు కూలిపోయి లేస్తోంది. అలాంటప్పుడు వేగం మీటలు పక్కనపెట్టి, ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో "అడ్వాన్స్‌డ్" లోపలున్న "రీబిల్డ్" నొక్కండి. ఆ రాత్రికి నాలుగో అడుగులోని 1 విలువ పెట్టి వదిలేస్తే త్వరగా తెములుతుంది.

అంతా పూర్వస్థితికి తేవాలంటే

రెండు పాలసీ విలువలను రెగ్ డిలీట్‌తో తీసేయండి. టాస్కులను ఎస్‌సీహెచ్‌టాస్క్స్ /డిలీట్ /టిఎన్ తర్వాత పేరు, చివర /ఎఫ్ ఇచ్చి తొలగించండి. ఆపైన:

ఎస్‌సీ కాన్ఫిగ్ డబ్ల్యుసెర్చ్ స్టార్ట్= డిలేడ్-ఆటో
నెట్ స్టాప్ డబ్ల్యుసెర్చ్
నెట్ స్టార్ట్ డబ్ల్యుసెర్చ్

సర్వీసు అప్పటికే ఆగి ఉంటే మధ్య ఆదేశం "మొదలవలేదు" అని గొణుగుతుంది, పట్టించుకోకండి. చివరగా ఎస్‌సీ క్యూసీ ఇచ్చి "డిలేడ్" అనే మాట తిరిగి వచ్చిందో లేదో చూడండి. అట్రిబ్‌తో వేసిన ఐ గుర్తులు మాత్రం వీటితో పోవు, -ఐ తో ఆ రెండు ఆదేశాలూ మళ్లీ ఇవ్వాల్సిందే.